గ్రాఫ్ కోసం లాగ్‌ను గడప దాటించకండి

ప్రశ్న: ఆఫీసు లినక్స్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లతో నడిపే పద్ధతి) వెళ్తాను. ఏ గంటలో ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో గ్రాఫ్‌లో చూడాలి. అక్కడ విండోలు తెరుచుకోవు కాబట్టి యాక్సెస్ లాగ్ (వచ్చిన ప్రతి రిక్వెస్టూ నమోదయ్యే ఫైలు) కాపీ చేసి, గ్రాఫ్ గీసిచ్చే వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తున్నాను. ఇంకా తేలిక దారి ఉందా?

జవాబు: ముందు ఆ పేస్ట్ చేయడం ఆపేయండి. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. ప్రతిదాంట్లోనూ నాకు టెన్షన్ పెట్టేది ఈ ఒక్క సంగతే.

మీ లాగ్‌లో ఒక్క లైను నిదానంగా చదవండి. మొదట ఐపీ అడ్రస్, తర్వాత తేదీ, సమయం, ఆ పక్కనే అడిగిన పేజీ చిరునామా. ఆ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత ఏముందో ఎప్పుడైనా చూశారా? ఫారం అజాగ్రత్తగా రాసిన చోట కస్టమర్ ఫోన్ నంబరు అక్కడే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకోమని పంపిన లింకులోని టోకెన్ (రహస్య కోడ్) కూడా అక్కడే ఉండొచ్చు. దాని గడువు తీరకపోతే, అది చేతికి చిక్కినవాడు పాస్‌వర్డ్ మార్చేసి ఖాతాలో కూర్చుంటాడు. మీకు కావలసింది గంటకొకటి చొప్పున 24 అంకెలు. వాటికోసం ఇంతమంది వివరాలు ముక్కూమొహం తెలియని సైటు చేతిలో పెడతారా? ఆ సైట్లూ అంతే: అప్‌లోడ్ బటన్ అరచేయంత ఉంటుంది, ఇచ్చిన డేటా ఎన్నాళ్లు దాచుకుంటారో మాత్రం వెతికినా దొరకదు.

సర్వర్‌లోనే గ్రాఫ్ గీయడానికి గ్నూప్లాట్ అనే ప్రోగ్రామ్ 1986 నుంచి ఉంది. అందులో 'సెట్ టెర్మినల్ డంబ్' అంటే విండో అడగదు, మీరు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లోనే నక్షత్రాలు, గీతలతో గ్రాఫ్ వేస్తుంది. మామూలు సైజు 79 అక్షరాల వెడల్పు, 24 లైన్ల ఎత్తు. ఆక్ అనే కమాండ్‌తో లైనులో తేదీ, సమయం ఉన్న నాలుగో ముక్క తీసి, దాన్ని కోలన్ల దగ్గర విడగొడితే రెండోది గంట. మొత్తం లైనునే కోలన్ల దగ్గర విడగొట్టకండి, కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్‌లోనూ కోలన్లుంటాయి, లెక్క తప్పుతుంది. వచ్చిన గంటలను సార్ట్ చేసి, యునీక్ కమాండ్‌కు మైనస్ సీ ఇస్తే ముందు లెక్క, పక్కన గంట వస్తాయి. దాన్ని పైప్‌లో (ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా మరోదానికి అందించే దారి) గ్నూప్లాట్‌కు పంపి, 'యూజింగ్ 2:1 విత్ ఇంపల్సెస్' అనండి. గంటకో నిలువు గీత లేస్తుంది. రాత్రి రెండింటికి గీత పొడుగ్గా ఉంటే బ్యాకప్ పనా, బయటివాళ్ల తాకిడా అని అప్పుడు వెతకొచ్చు.

ఇంకా నున్నటి గీత కావాలంటే బ్రెయిలీ అక్షరాలతో గీసే టూల్స్ ఉన్నాయి. ఒక్కో అక్షరంలో 8 చుక్కలు పడతాయి. అవి మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఆ 24 అంకెలు మాత్రం అక్కడికి తెచ్చుకోండి. నడుస్తున్న సర్వర్‌లో కనిపించిన ప్యాకేజీ అల్లా ఇన్‌స్టాల్ చేయొద్దు. ఎవరో ఇచ్చిన గ్నూప్లాట్ స్క్రిప్టును కూడా చదవకుండా నడపొద్దు, దానిలోంచి సిస్టమ్ కమాండ్లు నడుస్తాయి.

అసలు ఫోన్ నంబరును చిరునామాలో పెట్టినవాళ్లదే మొదటి తప్పు. మీ డెవలపర్లకు ఆ లైను చూపించండి. ఇప్పటిదాకా పేస్ట్ చేసిన లాగ్‌ల సంగతి ఈరోజే సెక్యూరిటీ చూసేవాళ్లకు చెప్పి, వాటిలోని టోకెన్లు రద్దు చేయించండి.