ఒక్కటి ఎక్కువైతే ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. డౌన్ సిండ్రోమ్ అన్నారు. 21వ క్రోమోజోములు మూడు ఉన్నాయట. గింజలు లేని పుచ్చకాయలో ప్రతి క్రోమోజోమూ మూడేసి ఉంటుందని చదివాను. దానికి రాని ఇబ్బంది మా పాపకు ఒక్కదానితోనే ఎందుకు వచ్చింది? కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా పొరపాటు చేశానా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న. మీరు ఏ పొరపాటూ చేయలేదు. ఇది చాలావరకు గర్భం నిలవకముందే, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. జన్యువులను మోసే క్రోమోజోములు మనలో జతలుగా ఉంటాయి. విడిపోవలసిన రెండు 21వ క్రోమోజోములూ ఒకే వైపు వెళ్లిపోతాయి; రెండోవారి నుంచి వచ్చేదానితో కలిసి మూడవుతాయి. స్త్రీలో అండాల విభజన ఆమె తన తల్లి కడుపులో ఉండగానే మొదలై, ఏళ్ల తరబడి మధ్యలో ఆగి ఉంటుంది. అందుకే వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. అయితే చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. మీరు తిన్న తిండికీ, చేసిన పనికీ దీనితో సంబంధం లేదు.

ఇక పుచ్చకాయ. మామూలు మొక్కలో 22 క్రోమోజోములు. కాల్చిసిన్ అనే మందుతో వాటిని 44 చేసి, ఆ మొక్కను మామూలు మొక్కతో సంకరం చేస్తే 33 వస్తాయి. అన్నీ ఒకే పాళ్లలో పెరిగాయి కాబట్టి జన్యువుల మధ్య తూకం చెడలేదు. కానీ మూడేసి ఉన్నవాటిని సమంగా పంచడం కుదరదు, అందుకే గింజ కట్టదు. మనుషుల్లో మాత్రం అన్నీ మూడేసి అయితే పిండం దాదాపు ఎప్పుడూ నిలవదు.

ఒక్కటి మాత్రమే పెరిగితే తూకం చెడుతుంది. ఉమ్మెత్తలో 12 జతలు ఉంటాయి. ఏ జతకు ఒకటి అదనంగా చేరిందో దాన్నిబట్టి కాయ ఆకారం మారుతుందని బ్లేక్‌స్లీ అనే శాస్త్రవేత్త గమనించారు. ఒక రకంలో కాయ బంతిలా గుండ్రమైపోయింది. సాధారణంగా క్రోమోజోము పెద్దదైతే దెబ్బా పెద్దదే. 21వది మనలో అన్నిటికన్నా చిన్నది. అందుకే మూడు ఉన్నా బిడ్డ పుట్టి, పెరిగి, నవ్వుతుంది.

నేను ముప్పై ఏళ్లు కణశాస్త్రం బోధించాను. అప్పట్లో ఫొటోలోని క్రోమోజోములను కత్తెరతో కత్తిరించి, కాగితం మీద జతలుగా అతికించేవాళ్లం. మామూలుగా 46 అయ్యేసరికి చేయి ఖాళీ. ఒక్కోసారి వేలికొసన కామా అంత ముక్క ఒకటి మిగిలిపోయేది. అప్పుడు గదిలో ఎవరూ మాట్లాడేవారు కారు. అది ఎవరి బిడ్డదో మాకు తెలియకపోయినా అంతే.

మీ పాప పరీక్ష కాగితం ఒకసారి తీసి చూడండి. 47 అని ఉంటే నేను చెప్పిన కథే. 46 అని ఉండి, అదనపు 21వది వేరొకదానికి అతుక్కుందని రాసి ఉంటే, మరో బిడ్డను కనేముందు మీరిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి అది వచ్చి ఉండవచ్చు. గుండె పరీక్ష ఇంకా కాకపోతే ఈ వారమే చేయించండి, ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. వినికిడి, థైరాయిడ్ కూడా చూపించండి.