శనివారం ఒక్కరోజే తాగితే గుండెకు ఇబ్బందా?

ప్రశ్న: డాక్టరుగారూ, నా వయసు 47. కరీంనగర్‌లో షాపు నడుపుతున్నాను. మూడేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. షుగర్ లేదు. వారమంతా ముట్టను కానీ, శనివారం రాత్రి దోస్తులతో కూర్చుంటే క్వార్టర్, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. ఆ రాత్రి బీపీ మాత్ర మానేస్తాను. రెండు వారాల కిందట ఆదివారం తెల్లవారుజామున గుండె దడదడలాడి మెలకువ వచ్చింది. మధ్యాహ్నానికి తగ్గింది. సోమవారం ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. మా నాన్నకు 58వ ఏట పక్షవాతం వచ్చింది. కొద్దిగా విస్కీ తాగితే రక్తం పలచబడి గుండెకు మంచిదని దోస్తులంటారు. మా ఆవిడ పూర్తిగా మానేయమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఆవిడ మాట వినండి. ఎందుకో చెబుతాను.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆదివారం నాటి దడ. ఒక్కసారిగా ఎక్కువ తాగినప్పుడు కొందరిలో గుండె పై గదులు లయ తప్పుతాయి. సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. అలా వణికే గదిలో రక్తం కదలిక మందగించి, ఓ మూలనున్న చిన్న సంచిలాంటి భాగంలో గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు వెళ్లి రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతమే. ఈ సమస్య ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువ. సెలవుల్లో, పండగల్లో బాగా తాగి దడతో వచ్చేవాళ్లను గమనించి 1978లోనే అమెరికా వైద్యులు దీనికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. మన దగ్గర దసరా మర్నాడు ఎమర్జెన్సీ డ్యూటీ చేసిన ఏ డాక్టరునడిగినా ఇలాంటి కేసుల గురించి చెబుతారు.

సోమవారం ఈసీజీ నార్మల్ వచ్చిందని ధీమా పడకండి. తీసిన ఆ కొన్ని సెకన్లలో గుండె ఎలా కొట్టుకుందో అంతవరకే ఈసీజీ చూపిస్తుంది. మీ దడ ముందురోజు మధ్యాహ్నమే తగ్గిపోయింది. అది ఏట్రియల్ ఫిబ్రిలేషనే అని నేను ఇక్కడి నుంచి తేల్చలేను, కాదని వదిలేయడం మాత్రం తప్పు. కార్డియాలజిస్టును కలిసి ఎకో (గుండె స్కాన్), 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష), థైరాయిడ్ పరీక్ష, రక్తంలో పొటాషియం చూపించుకోండి. మళ్లీ దడ వస్తే అదే తగ్గుతుందిలే అని పడుకోకుండా, అది ఉండగానే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఇక కొలత సంగతి. మన విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాముల పైచిలుకు. ఒకే విడతలో 60 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కిస్తుంది. మీ శనివారం ఆ గీత మీద మొదలవుతోంది. పైగా చేత్తో పోసుకునే పెగ్గు ఎప్పుడూ 30 ఉండదు. నమ్మకపోతే ఇంట్లో గ్లాసులో మీరు మామూలుగా పోసేంత నీళ్లు పోసి, దగ్గు సిరప్ మూతతో కొలిచి చూడండి.

‘మందు తాగిన రోజు మందు వేసుకోకూడదు’ అనే మాట మా ఓపీలో రోజూ వింటాను. బీపీ విషయంలో ఇది చాలా చేటు చేస్తోంది. ఎక్కువ తాగినప్పుడు మొదటి కొన్ని గంటలు బీపీ కాస్త తగ్గుతుంది, దాదాపు 13 గంటలు గడిచాక పెరుగుతుంది. రాత్రి తొమ్మిదికి తాగితే ఆ పెరుగుదల ఆదివారం పగటికి వస్తుంది. సరిగ్గా ఆ సమయానికి మీ ఒంట్లో మాత్ర సరిపడా ఉండదు. పక్కన పెట్టుకున్న స్టఫ్‌లోని ఉప్పు దానికి తోడు. ఆపాల్సింది గ్లాసును, మాత్రను కాదు. (షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆస్పిరిన్‌తో కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వాళ్లకూ ఇదే మాట.)

రక్తం పలచబడుతుందన్న నమ్మకం పాత అధ్యయనాల నుంచి వచ్చింది. జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లను కూడా వాటిలో చాలావరకు ‘తాగనివాళ్ల’లో కలిపేశారు. దాంతో కొద్దిగా తాగేవాళ్లే ఆరోగ్యవంతులుగా కనిపించారు. చైనాలో కొందరికి పుట్టుకతోనే మద్యం పడని జన్యువులుంటాయి, వాళ్లు తక్కువ తాగుతారు. ఆ జన్యువుల ఆధారంగా పోల్చి చూసి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మితంగా తాగితే పక్షవాతం నుంచి రక్షణ అన్నది నిలబడలేదు. తాగే కొద్దీ ముప్పు పెరిగింది, మెదడులో రక్తనాళం చిట్లే రకం మరీ ఎక్కువగా. గుండెపోటుపై 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో కూడా మన దక్షిణాసియా వాళ్లకు మద్యం వల్ల మేలు కనిపించలేదు. బీపీ ఉండి, తండ్రికి పక్షవాతం వచ్చిన మనిషికి నేను ‘కొద్దిగా పర్వాలేదు’ అని చెప్పను.

మీరు వారానికోసారే తాగుతారు కాబట్టి ఈ శనివారం నుంచే ఆపేయవచ్చు. రోజూ తాగే పాఠకులు మాత్రం ఈ జవాబు చదివి ఉన్నపళంగా మానేయకండి. చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం జరగవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. రోజూ కల్లు తాగేవాళ్లకూ ఇదే జాగ్రత్త, కొన్నిచోట్ల అందులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలుపుతున్నారు. ముందు డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.

మీ ఆవిడకు ఒక మాట చెప్పి ఉంచండి. మీ మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ‘తాగాడు, పడుకుంటే దిగుతుంది’ అనుకోవద్దు. నీళ్లు తాగించవద్దు. ఎన్ని గంటలకు మొదలైందో చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగాలి.