స్టెంట్ తరువాత పాత మాత్రలు కొనసాగించాలా?

గాజువాకలోని మీ నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా ఉంచే చిన్న జాలి గొట్టం) వేసి ఇంటికి పంపారని, డిశ్చార్జి కాగితంలోని మందులతో పాటు పాత మాత్రలు కూడా వేసుకోవాలా అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి కొత్త క్యాప్సూల్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మూడూ కలిసి ఉన్నాయి కనుక, పాత డబ్బాలోని ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కూడా వేసుకుంటే మోతాదు పెరిగి రక్తస్రావం, కండరాల నొప్పుల ముప్పు ఎక్కువవుతుంది. గ్యాస్‌కని వాడుతున్న ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గించగలదు కాబట్టి దాని సంగతీ అడగాలి. అయితే కొత్త క్యాప్సూల్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణానికే ప్రమాదం.

ఈరోజే మందులన్నీ, మోకాళ్ల నొప్పికి తెచ్చుకున్న బిళ్లలతో సహా, ఒకే సంచిలో వేసుకుని డిశ్చార్జి కాగితంతో ఆసుపత్రి ఫార్మసీకి వెళ్లండి. కౌంటరులో మందులు అందించే కుర్రవాడిని కాదు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టునే అడగండి. రోగికి మందుల గురించి వివరించడాన్ని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు వారి బాధ్యతల్లో చేర్చాయి. వారు రెండు జాబితాలనూ పోల్చి, తేడాలను కార్డియాలజిస్టు దృష్టికి తీసుకెళ్లి, ఏది ఆపాలో రాయించి ఇవ్వగలరు. ఆ కాగితం నకలును మీ వీధిలోని మందుల షాపులో కూడా ఇవ్వండి. లేకపోతే వచ్చే నెల పాత చీటీ చూసి అవే మాత్రలు మళ్లీ ఇచ్చేస్తారు.