మాట తెలుగులో, రాత మరాఠీలో: కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్ కంప్యూటర్ కోర్సు

ప్రశ్న: మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ, తెలంగాణ సరిహద్దు ఊరు. బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ పూర్తయింది. ఇక్కడి డిగ్రీ కాలేజీ వాళ్లు మొదటి ఏడాది పిల్లలు 60 మందికి 8 వారాల ఆన్‌లైన్ కంప్యూటర్ కోర్సు తయారుచేసి ఇవ్వమంటున్నారు. ల్యాబ్‌లో ఉన్నవి 10 సిస్టమ్‌లే. ఎలా మొదలుపెట్టాలి? నా కెరీర్‌కు ఇది పనికొస్తుందా?

జవాబు: ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి. మీ కోర్సు, మహారాష్ట్రలో నడిచే కంప్యూటర్ సర్టిఫికెట్ కోర్సు ఎంఎస్-సీఐటీకి బదులు కాదు. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అడిగేది ఎంకేసీఎల్ సంస్థ వారి ఎంఎస్-సీఐటీ గానీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి కంప్యూటర్ కోర్సు సీసీసీ లాంటిది గానీ. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే రేపు తల్లిదండ్రులు మిమ్మల్నే నిలదీస్తారు. వాటి సిలబస్‌ను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు కూడా. సీసీసీయే 80 గంటలు, మీకు దొరికేది అందులో సగం.

ఇక భాష. ఇంట్లో తెలుగే మాట్లాడినా, మరాఠీ మీడియంలో చదివిన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. అందుకని వీడియోలో మాట తెలుగులో, తెర మీద రాత మరాఠీలో పెట్టండి. బటన్ల పేర్లు మాత్రం కంప్యూటర్లో ఉన్నట్టే ఇంగ్లిషులో ఉండనివ్వండి. ‘సేవ్ యాజ్’ను అనువదిస్తే ఆ మాట కోసం తెరంతా వెతుక్కుంటారు.

టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పండి, అంటే భారతీయ భాషల కోసం ఉన్న ప్రామాణిక కీల అమరిక. అందులో అక్షరాల చోట్లు భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకటే. ‘కె’ మీద మరాఠీలోనైనా తెలుగులోనైనా ‘క’ ఉంటుంది, ‘హెచ్’ మీద ‘ప’, ‘జె’ మీద ‘ర’. మరాఠీకి వేళ్లు అలవాటైతే తెలుగు టైపింగ్ సగం వచ్చినట్టే. కృతిదేవ్ లాంటి పాత ఫాంట్ల జోలికి పోవద్దు. అవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌కే దేవనాగరి బొమ్మ తొడుగుతాయి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్జీ అంతా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజే.

ఆన్‌లైన్ కదా అని ల్యాబ్ వదిలేయకండి. ఫోన్‌లోనే పెరిగిన పిల్లలకు డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఎక్కడ పడిందో తెలియదు. అందుకే మొదటి వారమంతా ఫైళ్లు, ఫోల్డర్లే. 60 మందిని 20 మంది చొప్పున 3 బ్యాచ్‌లు చేసి, సిస్టమ్‌కు ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒక్కో బ్యాచ్‌కు వారానికి 2 గంటలు. గంట కాగానే కుర్చీలు మార్పించాలి, లేకపోతే వచ్చినవాడే చివరిదాకా మౌస్ పట్టుకుంటాడు. ఇలా ల్యాబ్‌లో 16 గంటలు, వారానికి 3 చొప్పున ఇంట్లో 24 గంటలు.

కంప్యూటర్ తరాలు, చార్లెస్ బాబేజ్... ఇవన్నీ తీసేయండి. ప్రతి వారం ఒక పని పూర్తి కావాలి. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ దరఖాస్తు ఉందనుకోండి. ఫొటో 20-50 కేబీ, సంతకం 10-20 కేబీ అడుగుతుంది. ఫోన్‌లో తీసిన ఫొటో కొన్ని ఎంబీలుంటుంది. దాన్ని కత్తిరించి, కుదించి, ముఖం మసకబారకుండా ఆ లెక్కలోకి తేవడం వస్తే నెట్ సెంటర్‌కు డబ్బులు పెట్టే పని తప్పుతుంది. ఎక్సెల్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోటే. గడిలో ‘రూ. 500’ అని కొడితే అది అంకె కాదు, అక్షరాలైపోతుంది. మొత్తం కూడే ‘సమ్’ ఫార్ములా దాన్ని లెక్కలోకి తీసుకోదు. గడిలో ఎడమవైపుకు అతుక్కుని ఉంటే అనుమానించమనండి. చివరి వారంలో ఓటీపీ మోసాలు, సైబర్ హెల్ప్‌లైన్ 1930 చెబితే చాలు.

వీడియో 6 నిమిషాలు దాటనివ్వకండి. తక్కువ నాణ్యత అయిన 360పీలో సుమారు 20-30 ఎంబీ అవుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోటా దిగుతుంది. స్క్రీన్ రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్క్రీన్‌ను 1280×720కి తగ్గించి, జూమ్ 150 శాతం పెట్టండి. పెద్ద స్క్రీన్‌ను ఉన్నదున్నట్టు రికార్డు చేస్తే ఫోన్‌లో మెనూలు చీమల్లా కనిపిస్తాయి.

బిట్ల పరీక్ష పెడితే జవాబులు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. ఒక్కొక్కరికీ వేరే అంకెలివ్వండి. రోల్ నంబర్ చివరి రెండంకెలు మొదటి గడిలో వేసి, దాని మీద ఇంటి ఖర్చుల పట్టిక కట్టమనండి. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. అందరికీ పంపేముందు ఐదుగురితో చేయించి చూడండి. మీరు నోరు విప్పకూడదు. వాళ్లు ఆగిన ప్రతిచోటా పాఠంలో తప్పుంది.

కెరీర్ విషయానికొస్తే, ఈ పనిని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు. ఆన్‌లైన్‌లో చదువు చెప్పే ఎడ్‌టెక్ కంపెనీలు, కార్పొరేట్ శిక్షణ విభాగాలు ఈ పనికి మనుషులను తీసుకుంటాయి. ఇంటర్వ్యూలో డిగ్రీ కంటే చూపించాల్సింది ఒక పాఠం తొలి రూపం, ఆ ఐదుగురూ తడబడ్డాక మీరు మార్చిన రూపం, పేర్లు తీసేసి, కోర్సుకు ముందూ తర్వాతా పిల్లలకు వచ్చిన మార్కులు. కాబట్టి మొదటి రోజే ఒక చిన్న పరీక్ష పెట్టి ఆ మార్కులు దాచుకోండి, తర్వాత పెట్టాలన్నా కుదరదు. ఆ వీడియోలు ఎవరివి, వేరేచోట చూపించుకునే హక్కు మీకుందా అన్నది కాలేజీతో ముందే కాగితం మీద రాయించుకోండి.