మూడో రోజు మళ్లీ చూశారా?

బిడ్డా,

ఆస్పత్రిలో యాంటీబయాటిక్‌లు అనవసరంగా వాడకుండా చూసే కమిటీ నీ మెడకు చుట్టారని, సర్జన్ సారు అప్పుడే మొహం మాడ్చుకున్నాడని ఫోన్‌లో చెప్పావు కదా, అప్పటినుంచి రాద్దామనుకుంటున్నా.

మందు మొదలుపెట్టొద్దని ఎవరితోనూ కొట్లాడకు, గెలవవు. అర్ధరాత్రి ములుగు నుంచో భూపాలపల్లి నుంచో బీపీ పడిపోయిన మనిషిని తెస్తే డ్యూటీ డాక్టర్ మెరోపెనెం లాంటి పెద్ద యాంటీబయాటిక్ పెడతాడు, పెట్టాలి కూడా, ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. నువ్వు అడగాల్సింది రెండే: మొదటి డోసుకు ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీశారా, మూడో రోజు ఎవరైనా మళ్లీ ఆలోచించారా. అప్పటికి రిపోర్టు వచ్చి ఉంటుంది, మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటుంటాడు, అయినా మనం కేసు షీట్‌లో నిన్నటివే నడవనీ అని ‘సీఎస్‌టీ’ గీకేసి పక్క బెడ్డుకు పోతాం.

నేనూ గీకినవాణ్నే. ఒక డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతివాళ్లకూ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నడిపాను, వైరస్‌కు పనిచేయదని తెలిసీ. బయట చుట్టాలు ‘ఒట్టి గ్లూకోజే పెడుతున్నరు’ అంటుంటే తట్టుకోలేక. ఒకామెకు ఆ మందుతో విరేచనాలు పట్టుకుని, జ్వరం తగ్గినా ఇంకో వారం బెడ్డు మీదే ఉంది.

అందుకే సిస్టర్లను నీ వైపు తిప్పుకో. డ్రగ్ చార్టు మీద ‘3వ రోజు’ అని ఎర్ర పెన్నుతో రాసేది వాళ్లే, రౌండ్స్‌లో డాక్టర్ కళ్లు ముందు దానిమీదే పడాలి. పిప్‌టాజ్ అనే యాంటీబయాటిక్ నడుస్తుంటే పక్కన ఇంకో యాంటీబయాటిక్, మెట్రోజిల్ సీసా కూడా వేలాడుతుందేమో చూడు, చాలాసార్లు రెండూ ఒకే పని చేస్తుంటాయి, అది తీయిస్తే ఎవరికీ కోపం రాదు, బిల్లూ తగ్గుతుంది. మింగగలిగినవాళ్లకు టాబ్లెట్. ఇక క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్న ముసలాయనకు జ్వరం లేదు, ఏ ఇబ్బందీ లేదు, ఊరికే యూరిన్ కల్చర్ పంపుతారు, ఏదో ఒక క్రిమి పెరుగుతుంది, మందు మొదలు! ఆ కల్చర్ పంపడమే ఆపించు.

సర్జన్ దగ్గరికి పాలసీ కాగితం పట్టుకుని పోకు, చాయ్‌కి పో. కోతకు ముందు గంటలోపు ఒక డోసు సెఫజోలిన్ యాంటీబయాటిక్ పడితే క్లీన్ (ఇన్ఫెక్షన్ లేని చోట చేసే) ఆపరేషన్లకు ఐదు రోజుల ఇంజెక్షన్లు అక్కర్లేదని ఆయనకూ తెలుసు, ఆయన భయమల్లా కుట్లు చీము పట్టి పేరు పోతుందని. పది హెర్నియాలు ఒక్క డోసుతో చేద్దాం సార్, గాయం రోజూ నేనే వచ్చి చూస్తా అను. చూడు కూడా.

యాంటీబయాటిక్ ఎందుకిస్తున్నారో కేసు షీట్‌లో కారణం రాయమంటే గునుస్తారు. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ మెడికల్ కాలేజీల డాక్టర్లకు రాసిన లేఖలోనూ అదే అడిగారు, దాన్ని ముందు పెట్టు, మాట నీది కాదన్నట్టు.

ఆదివారం హన్మకొండ వస్తే పది డ్రగ్ చార్టుల జిరాక్సులు తీసుకురా, పేర్లు కొట్టేసి. కూర్చుని చూద్దాం.

మీ మామయ్య