సెమినార్‌లో నవ్వారని చదువు మానేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్నాను. తర్వాత దాని మీదే ఇష్టం పెరిగి ఎంఏ చేశాను. పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కూడా వచ్చింది. ఇప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడాది. తోటి స్కాలర్లలో చాలామంది చిన్నప్పటి నుంచి సంస్కృత పాఠశాలల్లో చదివినవాళ్లు. ఈమధ్య సెమినార్‌లో శ్లోకం చదువుతూ ఒకచోట పదం తప్పుగా విడదీశాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అప్పటి నుంచి డిపార్ట్‌మెంట్ అంటేనే టెన్షన్. సంతకం పెట్టి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తున్నాను. అమ్మకు మాత్రం అంతా బాగుందనే చెబుతున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అన్నీ మానేసి పెళ్లి చేసుకుందామా అనిపిస్తోంది.

జవాబు: మార్కుల కోసం సంస్కృతం తీసుకునేవాళ్లు మన దగ్గర కోకొల్లలు. పరీక్ష అయిపోగానే ఆ పుస్తకం అటకెక్కుతుంది. మీరు మాత్రం దాన్ని పట్టుకుని ఇంతదూరం వచ్చారు. అది చిన్న విషయం కాదమ్మా.

మీకూ వాళ్లకీ తేడా ఉన్నమాట నిజమే. అమరకోశం అనే పద్య నిఘంటువు, నామవాచకాల విభక్తి రూపాలైన శబ్దాలు వాళ్లకు అర్థం తెలియని వయసులోనే నోటికొచ్చేశాయి. మీరు మొదలుపెట్టిందే ఇంటర్‌లో. అది సాధనలో తేడా, తెలివిలో కాదు. పైగా పాఠాంతరాలు, అంటే ప్రతుల మధ్య తేడాలు పోల్చడం, ఆధారాలు వెతకడం, వాదనను అధ్యాయాలుగా నిలబెట్టడం కూడా థీసిస్‌కి కావాలి. వాటిలో పాఠశాల నుంచి వచ్చినవాళ్లకే మీ సాయం అవసరం కావచ్చు.

ఆ రోజు నవ్వనివాళ్లూ ఉన్నారు కదా! రోజూ ఒక అరగంట మీతో కూర్చోమని వాళ్లలో ఒకరిని అడగండి. ఒక్క శ్లోకం చాలు. పెన్సిల్‌తో పదాలు విడదీయండి. క్రియ ఎక్కడుందో వెతికి, కర్తను, కర్మను దానితో కలపండి. ఇలా పదాలను అర్థం కుదిరేలా కలపడమే అన్వయం. అది కుదిరాకే వ్యాఖ్యానం తెరవండి. అంతా అన్వయం ద్వారానే వివరిస్తానని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి అంతటివాడు రఘువంశ వ్యాఖ్య మొదట్లోనే చెప్పుకున్నాడు. మీరు నిదానంగా అన్వయం చేసుకోవడంలో నామోషీ ఏముంది?

చదివేవాళ్లను చూసి నవ్వడం తప్పే. అయినా ముందు మీ గైడ్‌తో మాట్లాడండి. ఫిర్యాదుగా వద్దు, మూలం చదవడంలో తడబడుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా కమిటీ ముందు మీ పని చూపించాలి. మీ ఇబ్బంది అక్కడ బయటపడేకంటే ముందే గైడ్‌కి తెలియడం నయం.

ఇక పెళ్లి. ఇష్టమైతే చేసుకోండి, సెమినార్‌ను తప్పించుకోవడానికి మాత్రం వద్దు. అమ్మకు అసలు సంగతి చెప్పండి. అంతా బాగుందనుకునే ఆవిడ సంబంధాలు చూస్తున్నారేమో. మీ చదువు ఇంటికి భారమూ కాదు, జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు గడువు, స్త్రీలకు ఆపైన సడలింపు కూడా ఉంది. 240 రోజుల వరకు ప్రసూతి సెలవు తీసుకోవచ్చు. సంబంధం మాట్లాడేటప్పుడే థీసిస్ పూర్తి చేస్తానని మీ నోటితో చెప్పండి, పెద్దవాళ్లకు వదిలేయకండి. పెళ్లయ్యాక ఊరు మారాల్సి వచ్చేలా ఉంటే, ముహూర్తం పెట్టకముందే గైడ్‌తోనూ ఓ మాట అనుకోండి.