మాత్రలు వేస్తేనే పీరియడ్స్.. మానేస్తే మళ్లీ అంతే!

ప్రశ్న: నా వయసు 26. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సపోర్ట్ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. రెండేళ్లుగా నైట్ షిఫ్టే. కాలేజీ రోజుల్లో 30, 32 రోజులకు డేట్ వచ్చేది. ఏడాదిగా 45, 50 రోజులు పడుతోంది. పోయినసారి 70 రోజులైనా రాలేదు. 58 కిలోలు ఉండేదాన్ని, 66కి వచ్చాను. గడ్డం కింద నాలుగైదు వెంట్రుకలు వస్తున్నాయి. దగ్గర్లోని క్లినిక్‌లో స్కాన్ తీసి పీసీఓడీ, అంటే ఓవరీల్లో నీటిబుడగలు అన్నారు. పది రోజుల మాత్రలు మూడుసార్లు వాడాను. ఆపిన నాలుగు రోజులకు పీరియడ్ వస్తుంది, తర్వాత మళ్లీ మామూలే. జుట్టు రాలుతోందని బయోటిన్, షిఫ్టులో గ్యాస్ పట్టేస్తోందని మెడికల్ షాపులో ఇచ్చే క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అంటోంది అమ్మ. పిల్లలు పుట్టరేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: పీసీఓడీ సంగతి తర్వాత చూద్దాం. చివర్లో మామూలుగా రాసేసిన ఆ గ్యాస్ క్యాప్సూల్ దగ్గర నేను ఆగిపోయాను. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. డోంపెరిడోన్ అనో, లెవోసల్పిరైడ్ అనో ఉందా? మన దగ్గర గ్యాస్‌కి అమ్మే చాలా క్యాప్సూల్స్‌లో ఎసిడిటీ మందుతో పాటు ఈ రెండింట్లో ఒకటి కలిసి ఉంటుంది. ఇవి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. బాలింతకు పాలు పడేది ఈ హార్మోన్ వల్లే. పాలిచ్చే తల్లికి నెలల తరబడి నెలసరి రాకపోవడం మీ ఇంట్లోనే చూసి ఉంటారు. ఈ మాత్రలు రోజూ వేసుకునే కొందరికి బిడ్డ లేకపోయినా శరీరం అలాగే ప్రవర్తిస్తుంది. రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తోందేమో కూడా గమనించండి. డాక్టర్ రాయకుండా షాపులో కొన్నదే కాబట్టి దాన్ని ఈరోజే ఆపొచ్చు. గ్యాస్ ఎందుకు పడుతోందో కింద చెబుతాను.

ఇక ఆ పది రోజుల మాత్రలు. అవి ప్రొజెస్టిరాన్ రకం అయి ఉంటాయి. మామూలుగా అండం విడుదలయ్యాక ఈ హార్మోన్‌ను శరీరమే తయారు చేసుకుంటుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో అది తగ్గిపోయి, గర్భాశయం లోపలి పొర ఊడి నెలసరి అవుతుంది. మీకు అండం సరిగా విడుదల కావడం లేదు. అందుకని ఆ హార్మోన్‌ను బయటి నుంచి ఇచ్చి, ఆపి, పొర ఊడేలా చేశారు. క్లినిక్ వాళ్లు చేసింది తప్పని అనను. కాకపోతే అండం ఎందుకు విడుదల కావడం లేదన్న ప్రశ్నకు మూడు కోర్సులైనా జవాబు వెతకలేదు.

నెల రాకపోతే చెడురక్తం లోపల పేరుకుపోతుందని పెద్దవాళ్లు భయపెడతారు. రక్తం ఎక్కడా నిల్వ ఉండదు. పొర మాత్రం మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ఆ పొరలో చెడు మార్పులు రావచ్చు, అరుదుగా అది క్యాన్సర్ దాకా వెళ్తుంది. అందుకే 90 రోజులు దాటితే మేం మాత్రలతో అయినా ఒకసారి తెప్పిస్తాం. 28 రోజులకే రావాలన్న పట్టింపు మాత్రం వద్దు. మీ వయసులో 21 నుంచి 35 రోజుల్లో ఎప్పుడొచ్చినా మామూలే. లెక్క మొదటి రోజు నుంచి మొదటి రోజుకు. చాలామంది తలస్నానం రోజు నుంచి లెక్కపెట్టి గాభరా పడుతుంటారు. వ్రతానికో తిరుమల ప్రయాణానికో డేట్ వెనక్కి జరపడానికి మాత్ర వేసుకున్న నెలను లెక్కలోంచి తీసేయండి.

పరీక్షల్లో మొదటిది ప్రెగ్నెన్సీ టెస్ట్. పెళ్లి కాలేదన్నా అడుగుతాం, నొచ్చుకోవద్దు. తర్వాత థైరాయిడ్. దీనికి ముందు కనీసం రెండు మూడు రోజులు బయోటిన్ ఆపేయండి. రక్తంలో అది ఉంటే కొన్ని మెషిన్లు థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్‌ను తప్పుగా తక్కువ చూపిస్తాయి, ఉన్న థైరాయిడ్ సమస్య కనిపించకుండా పోతుంది. ప్రొలాక్టిన్‌కు నిద్ర లేవగానే ల్యాబ్‌కు వెళ్లకండి. నిద్రలో అది పెరుగుతుంది కాబట్టి, మీరు ఎప్పుడు నిద్ర లేస్తే అప్పటి నుంచి రెండు మూడు గంటలు ఆగి రక్తం ఇవ్వండి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్, 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష కూడా అవసరమే.

ఇవన్నీ చూశాకే పీసీఓడీ అనాలి. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని పెట్టిన కొలమానాన్నే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కాన్‌లో ఓవరీల తీరు - ఈ మూడింట్లో రెండు ఉండాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి కారణాలు లేవని తేలాలి. మీకు మొదటిది ఉంది, గడ్డం వెంట్రుకలను బట్టి రెండోదీ ఉండొచ్చు. కాబట్టి పీసీఓడీ అయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ స్కాన్ రిపోర్టు ఒక్కటే చూసి ఆ ముద్ర వేయడం సరికాదు. నీటిబుడగలు అని అందరూ పిలిచేవి నిజానికి ఎదగకుండా ఆగిపోయిన చిన్న చిన్న అండాల సంచులు. ఏ ఇబ్బందీ లేని అమ్మాయిల్లోనూ అవి కనిపిస్తాయి.

నైట్ షిఫ్ట్ గురించి. రాత్రి రెండింటికి ఎగ్ పఫ్, టీ, తెల్లారి క్యాబ్ దిగగానే కడుపునిండా తినేసి పడుకోవడం.. గ్యాస్ అక్కడే పుడుతుంది, కిలోలూ అక్కడే చేరతాయి. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముగించండి. వారమంతా పగలు పడుకుని, వీకెండ్‌లో బస్సెక్కి అనంతపురం వెళ్లి రెండు రోజులు పగటి మనిషిగా మారిపోతే ఒంటికి వేళ అంతుపట్టదు. ఊరెళ్లినా నిద్ర వేళల్లో కొంతైనా పాత లెక్క ఉంచుకోండి. వీలైతే షిఫ్ట్ మార్చమని అడగండి, డాక్టర్ లెటర్ ఉంటే మీ మాటకు బలం వస్తుంది. మళ్లీ 58కి రావాలని పంతం పట్టనక్కర్లేదు. మూడు నాలుగు కిలోలు తగ్గితేనే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అమ్మ చేసి పంపే చిమ్మిలి తినండి, మంచిదే. దాంతో డేట్ వస్తుందని మాత్రం ఎదురుచూడకండి.

పీసీఓడీ అని తేలితే తరచుగా రాసేది గర్భనిరోధక మాత్రలు. పెళ్లికాని పిల్లకు ఇవేంటని తల్లులు ఉలిక్కిపడతారు. ఇక్కడ అవి హార్మోన్లను అదుపులో పెట్టడానికి. తర్వాత పిల్లలు పుట్టకుండా చేయవు. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, బీపీ, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. వెంట్రుకల్లో తేడా కనిపించడానికి ఆరు నెలలు పడుతుంది. షుగర్ రిపోర్టును బట్టి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కలపొచ్చు.

అమ్మ మాటకొస్తే, పెళ్లితో హార్మోన్లేమీ మారవు. పిల్లల విషయంలో మాత్రం మీ భయం అవసరానికి మించింది. పీసీఓడీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది తల్లులవుతారు, కొందరికి అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మాత్రలు కావాలి, అంతే. డేట్ సరిగా రాదు కదా గర్భం రాదులే అనుకోవడమూ పొరపాటే, ఏదో ఒక నెలలో అండం విడుదలవుతుంది.

గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, ఎనిమిది రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, గొంతు బొంగురుపోయి వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. మిగతాదానికి ఈ నెలలోనే ఒక గైనకాలజిస్ట్‌ను కలవండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే కేఆర్ మార్కెట్ దగ్గర ప్రభుత్వ వాణీ విలాస్ ఆసుపత్రి ఉంది. ఏడాది డేట్లు ఒక కాగితం మీద రాసుకోండి, స్కాన్ రిపోర్టు పెట్టుకోండి. గ్యాస్ క్యాప్సూల్, బయోటిన్‌తో సహా మీరు వేసుకునే స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి.